టక్కుమనేదాకా

ఆ ఇంట్లో వాళ్ళకి తొందర రక్తంలోనే ఉంది. కాఫీ చల్లారేదాకా ఆగి తాగిన మనిషి ఆ చూరు కింద ఒక్కడూ లేడు. మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన పచ్చజెండా ఎత్తారంటే, ఒక కాలు ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉన్నవాళ్ళు లబోదిబోమనేవాళ్ళట. మరిదికి ఫోటో స్టూడియో ఉంది. 'నవ్వండి' అనడమూ, మీట నొక్కడమూ ఒకేసారి చేస్తాడు కాబట్టి, ఊళ్ళో సగం మంది గుర్తింపు కార్డుల్లో కళ్ళు మూసుకునే కనిపిస్తారు. ఇక భర్త పార్సిల్ ఆఫీసులో మేనేజరు. ఎదుటివాళ్ళు మొదలుపెట్టిన వాక్యాన్ని తనే పూర్తి చేసి, దానికి జవాబు కూడా తనే చెప్పేసి, వెళ్ళిపోయే రకం.

అలాంటి ఇంటికి కోడలుగా వచ్చింది నిదానం. అది అసలు పేరేమీ కాదు, వచ్చిన కొత్తలో మరిది పెట్టాడు, అతుక్కుపోయింది. ఆమె గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు బైండింగ్ చేస్తుంది. జిగురు రాసి, అంచులు కలిపి, వేళ్ళతో అదిమిపట్టి, పట్టు కుదిరిందని నమ్మకం కలిగేదాకా కదలకుండా కూర్చుంటుంది. ఇంట్లోనూ అంతే. చీపురు పట్టినా, ఉత్తరం చదివినా, ఎదుటివాళ్ళ గోడు విన్నా చివరిదాకా ఉంటుంది. దాన్ని గొప్పగుణమని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే ఆమే అనుకోలేదు పాపం. మిగతావాళ్ళంతా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడితే, తను ఇంకా కొంగు సర్దుకుంటూ ఉండటం చూసి తనలోనే ఏదో లోపముందని సర్దుకుపోయింది.

ఒక్క విషయంలో మాత్రం సర్దుకోలేకపోయింది. అది అక్క సంగతి.

అక్క నది అవతలి ఊళ్ళో ఉంటుంది. కారేసుకుని అందరూ కలిసే వెళ్తారు. అక్క తలుపు తీస్తుంది, కుర్చీలు వేస్తుంది, కాఫీ తెస్తుంది. గ్లాసులు ఖాళీ అవడమే ఆలస్యం, "ఇక బయల్దేరదామా?" అంటూ భర్త లేచి నిలబడతాడు. ఆయన లేస్తే మామగారు లేస్తారు, మరిది అప్పటికే కార్లో ఉంటాడు. "అప్పుడేనా!" అంటుంది అక్క. అని, చెల్లెలి చెయ్యి పట్టుకుని గేటుదాకా వస్తుంది. "అమ్మ పోయేముందు నీ గురించి ఒక మాట అందే..." అని మొదలుపెడుతుంది. అంతే, కారు హారన్ మోగుతుంది. ఎన్నిసార్లు వెళ్ళినా ఆ మాట అక్కడే ఆగిపోతోంది. ఫోన్లో చెప్పవే తల్లీ అంటే అక్క వినదు. "ఇది ఫోన్లో చెప్పే మాట కాదే. నువ్వు నా ఎదురుగా తీరిగ్గా కూర్చున్నరోజు చెప్తాను" అంటుంది. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే కదా, పట్టుపడితే పట్టే.

ఈమధ్య అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది. గేటుదాకా కూడా రాలేకపోతోంది. కిందటిసారి కుర్చీలోంచే చెయ్యి ఊపింది. ఆ చెయ్యి చూసిన రోజే నిదానం మనసులో గట్టిగా అనుకుంది: కారు నేనే నేర్చుకుంటాను, నేనే వెళ్తాను, నా ఇష్టమొచ్చినంతసేపు కూర్చుంటాను.

నేర్చుకుంది. కానీ లైసెన్సు పరీక్ష దగ్గరే వచ్చింది చిక్కు. మొదటిసారి రోడ్డు ఊడ్చే బండి వెనకాల పడి, దాన్ని దాటి వెళ్ళడానికి మొహమాటపడి, దాంతోపాటే ఊరంతా తిరిగింది. రెండోసారి నాలుగురోడ్ల సర్కిల్ దగ్గర ఆగి, వచ్చిన ప్రతి బండికీ దారిచ్చింది. చివరికి ఈవిడకి దారిద్దామని ఆగినవాళ్ళకి కూడా ఈవిడే దారిచ్చింది. పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరు ఎర్రపెన్ను తీసి కాగితం మీద అడ్డంగా గీశాడు.

ఇప్పుడు మూడోసారి. పరీక్ష ఇవాళ మధ్యాహ్నమే. ఇది పోతే మళ్ళీ తేదీ దొరకడానికి నెలలు పడుతుంది. వచ్చే ఆదివారం వస్తున్నానని, అదీ తనే నడుపుకుంటూ వస్తున్నానని అక్కకి ఇప్పటికే చెప్పేసింది.

భర్తకి భార్య అంటే ప్రేమ లేదని ఎవరైనా అంటే కళ్ళుపోతాయి. పొద్దున్నే లేచి, "పరీక్షరోజు బండి మొరాయిస్తే నా పరువేం కాను!" అంటూ పాత బ్యాటరీ పీకేసి కొత్తది తనే బిగించాడు. పళ్ళు తోముకోవడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు. బిగించి, చేతులు దులుపుకుని, "చూశావా!" అన్నాడు.

చూడవలసింది తరవాత కనపడింది. బయట సన్నగా తుంపర పడుతోంది కదా అని కారు తలుపుల అద్దాలు వేయబోయాడు. అద్దం బుద్ధిగా పైదాకా వెళ్ళింది. వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ జానెడు కిందికి దిగింది. ఇంకోసారి వేశాడు, మళ్ళీ దిగింది. నాలుగు తలుపులదీ అదే వరస. పొద్దుటిదాకా స్విచ్ ఒక్కసారి లాగి వదిలేస్తే వాటంతటవే మూసుకున్న అద్దాలు!

"కొంప మునిగింది. ఆ ఇన్‌స్పెక్టరు ముందు బండంతా చూస్తాడు. అద్దాలు పనిచెయ్యకపోతే పరీక్షే పెట్టడు" అన్నాడు మరిది.

నిదానం గడియారం వైపు చూసింది.

భర్త వెంటనే తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేశాడు. మెకానిక్ నడుం పట్టేసి రెండురోజులుగా మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. రాలేనన్నాడు, కానీ ఫోన్లో చెప్తానన్నాడు.

"ఏం కాలేదు సార్, బ్యాటరీ తీశారు కదా, ఎక్కడిదాకా వెళ్ళాలో అద్దాలు మర్చిపోయాయి. మళ్ళీ నేర్పాలి. ఇంజను ఆన్ చేసి, స్విచ్ పైకి లాగి పట్టుకుని అద్దం పూర్తిగా మూయండి. మూశాక..."

"అర్థమైంది, అర్థమైంది!" అని పెట్టేశాడు భర్త.

అర్థం కాలేదని అద్దమే చెప్పింది. మళ్ళీ దిగింది.

ఈసారి మరిది అందుకున్నాడు. "పూర్తిగానే మూశామయ్యా, దిగుతోంది!"

"అదే బాబూ నేను చెప్పబోయింది. మూసుకున్నాక కూడా..."

"ఆఁ, సరే సరే, చూస్తాం" అని ఇతనూ పెట్టేశాడు.

మూడోసారి మామగారు చేశారు. పెద్దమనిషి కదా, మర్యాదగానే మొదలుపెట్టారు. "నడుమెలా ఉందయ్యా?" అని అడిగారు. అడిగి, జవాబు రాకముందే, "సరే, జాగ్రత్త" అని పెట్టేశారు. ఫోన్ ఎందుకు చేశారో పెట్టేశాక గుర్తొచ్చింది.

ఇక చూడండి ఆ ముగ్గురి హడావుడి. కారు చుట్టూ కాలుకాలిన పిల్లుల్లా తిరిగారు. మామగారు తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశారు. మరిది స్టూడియోలోంచి నల్ల అట్టముక్క తెచ్చి సందులో కుక్కాడు. అద్దం దిగినప్పుడల్లా అదీ దిగింది. భర్త టేపు చుట్ట తెచ్చి, చివర వెతికే ఓపిక లేక పళ్ళతో కొరికాడు. తుంపర కాస్తా చినుకులైంది. సీట్లు తడుస్తున్నాయి.

"పోనీలేవే, ఇంకో తేదీ తీసుకుందాం. ఇప్పుడేం తొందర?" అన్నాడు భర్త.

తొందర! ఆ మాట ఆ నోటినుంచి వినడం నిదానానికి అదే మొదటిసారి. ఏ ఇంట్లో అయితే కాఫీ గ్లాసు కింద పెట్టనివ్వరో, ఏ ఇంట్లో అయితే అక్క మాట ఒక్కటి పూర్తికానివ్వలేదో, ఆ ఇంటాయన తనని తొందరెందుకని అడుగుతున్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. మంచి మనిషి, తనకోసమే తెల్లారిలేచి చేతులు మసి చేసుకున్న మనిషి అని తెలుసు. తెలిసినా మండింది.

"ఫోనిలా ఇవ్వండి" అంది.

వరండా మెట్టు మీద కూర్చుని మెకానిక్‌కి ఫోన్ చేసింది. "అన్నయ్యా, ముందు నడుం సంగతి చెప్పండి. ఎలా పట్టేసింది?"

అవతల ఆనకట్ట గేటు ఎత్తినట్టయింది. టైరు ఎత్తబోతే ఎలా కలుక్కుమన్నదీ, వాళ్ళావిడ ఏ నూనె రాసిందీ, బావమరిది వచ్చి దాన్ని ఎలా ఎక్కువ చేసి వెళ్ళిందీ, మొత్తం చెప్పుకొచ్చాడు. ఇటు ముగ్గురు మగాళ్ళూ గడియారాలు చూపిస్తూ చేతులు తిప్పుతున్నారు. ఆమె వాళ్ళవైపు చూడనే లేదు. "అయ్యో, పక్కకి తిరిగి లేవండి అన్నయ్యా, తిన్నగా లేవకండి" అంది. అన్నాక, "ఇప్పుడు అద్దం సంగతి మొదటినుంచీ చెప్పండి" అంది.

"అమ్మా, చాలా తేలిక. స్విచ్ పైకి లాగి పట్టుకోండి. అద్దం మూసుకుంటుంది. మూసుకున్నాక కూడా వేలు తీయకండి! అందరూ అక్కడే తీసేస్తారు. ఏమీ జరగనట్టే ఉంటుంది, అయినా పట్టుకునే ఉండండి. తలుపు లోపల ఎక్కడో టక్కుమంటుంది. అప్పుడు కిందికి నొక్కి పూర్తిగా దించండి, దిగాక కూడా అంతే, టక్కుమనేదాకా. మళ్ళీ ఒకసారి పైకి లాగి వదిలేయండి, దానంతటదే వెళ్తుంది. ఒక్కో తలుపూ దాని స్విచ్‌తోనే చెయ్యాలి. ఒకటి చేస్తున్నప్పుడు మిగతావాటి మీద ఎవరి చెయ్యీ పడకూడదు."

"ఆ ఆఖరిదే మా ఇంట్లో కష్టం. చెప్పడం అయిపోయిందా, ఇంకేమైనా ఉందా?"

మెకానిక్ గొంతు మెత్తబడింది. "ఆ మాట నన్నెవరూ అడగరమ్మా. ఉంది, ఒక్కటుంది. టక్కుమన్నాక మాత్రం వదిలెయ్యండి. మంచిదే కదా అని ఇంకా పట్టుక్కూర్చుంటే మోటారు వేడెక్కుతుంది. అనేదాకా వదలకూడదు, అన్నాక పట్టుకోకూడదు. అంతే."

ఆమె వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజను ఆన్ చేసింది. అప్పటికే ముగ్గురూ లోపలికి ఎక్కేశారు. స్విచ్ పైకి లాగింది. అద్దం పైకి వెళ్తోందో లేదో, వెనకనుంచి మామగారు "నాదీ వేస్తున్నానమ్మాయ్!" అన్నారు. "వదినా, ఇటు కూడా!" అన్నాడు మరిది. భర్త పక్కనుంచి వంగి, "అలా కాదు, ఇలా ఇవ్వు" అని ఆమె వేలు మీద తన వేలు వేశాడు. నాలుగు అద్దాలూ నాలుగు దారుల్లో పైకీ కిందికీ ఊగాయి.

నిదానం వేలు తీసింది. వెనకవాళ్ళు కనపడే అద్దంలోంచి ఆ ఇద్దరినీ, పక్కకి తిరిగి భర్తనీ చూసింది.

"దిగండి" అంది.

"ఎవరు?" అన్నాడు భర్త.

"మీరే. మామయ్యగారూ, మీరు కూడా. అందరూ దిగండి."

ఇన్నేళ్ళలో ఆమె ఆ ఇంట్లో ఎవరినీ 'చెయ్యండి' అని ఒక పని చెప్పిన పాపాన పోలేదు. అందుకే కాబోలు ముగ్గురూ కిక్కురుమనకుండా దిగారు. ఒకే గొడుగు కింద ఇరుక్కుని నిలబడ్డారు.

ఆమె స్విచ్ పైకి లాగింది. "ఇదిగో చూడు, నేను చెప్పేదేంటంటే..." అని భర్త అంటుండగా అద్దం ఆయన మాట మీదుగా మూసుకుపోయింది. నోరు ఆడుతోంది, శబ్దం లేదు. అబ్బ, ఎంత హాయి! కాపురానికొచ్చినప్పటినుంచీ అంత చక్కటి నిశ్శబ్దం ఆమె ఎరగదు. అద్దం మూసుకుంది, ఏమీ జరగడం లేదు. బయట మరిది వదిలెయ్యమని సైగ చేస్తున్నాడు. ఆమె వదల్లేదు. జిగురు పట్టేదాకా పుస్తకం అంచు అదిమిపట్టినట్టే పట్టుకుంది.

టక్.

స్విచ్ వదిలి, కిందికి నొక్కింది. అద్దం దిగింది. "...లేటయిపోతున్నాం!" అనే ముక్క లోపలికొచ్చి పడింది. పట్టుకుంది. టక్. ఈసారి పైకి ఒక్కసారి లాగి వదిలేసింది. అద్దం దానంతటదే వెళ్ళి మూసుకుంది. మూసుకుని, దిగలేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అద్దం మూసుకున్నందుకు ఏడ్చే మనిషి ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉంది మరి.

ఒక్కో తలుపు దగ్గరికీ వెళ్ళి కూర్చుంది. అద్దం దిగినప్పుడల్లా గొడుగు కిందనుంచి ఏదో ఒక ముక్క వినపడేది. "...గార్డుగా ఉన్నప్పుడు నేనైతే..." అని మామగారిది. "...వదిన చేస్తోంది చూడరా అన్నయ్యా..." అని మరిదిది. ఆఖరి తలుపు అద్దం దిగేసరికి మాత్రం ఎవరూ ఏమీ అనడంలేదు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి టక్ వినడం కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డారు.

పరీక్ష మైదానానికి వెళ్ళేసరికి అదే ఇన్‌స్పెక్టరు. "మళ్ళీ మీరేనా!" అన్నాడు. లైట్లు చూశాడు, హారన్ కొట్టాడు, చినుకులు లోపలికి కొడుతున్నాయని తన పక్కనున్న స్విచ్ లాగి వదిలాడు. అద్దం ఒక్క ఊపున వెళ్ళి మూసుకుంది. అదో పెద్ద విషయమని ఆయనకి తోచనే లేదు. ఆమె నవ్వు ఆపుకోలేక దగ్గింది.

ఊడ్చే బండి ఇవాళ రాలేదు కానీ సర్కిల్ ఎక్కడికి పోతుంది? వచ్చింది. నిదానం ఆగింది. ఒక బస్సు పోయింది, ఒక లారీ పోయింది. ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీశాడు. దూరంగా పాలవ్యాను వస్తోంది, దానికీ దారిచ్చేద్దామని కాలు అలవాటుగా బ్రేకు మీదే బిగుసుకుంది. దానికీ తనకూ మధ్య బోలెడంత ఖాళీ ఉంది. టక్కుమన్నాక పట్టుకోకూడదు, అన్నాడు కదా మెకానిక్. లోపల ఎక్కడో టక్కుమంది. కాలు వదిలేసింది. కారు సాఫీగా సర్కిల్లోకి వెళ్ళి, తిరిగి, అవతలి రోడ్డు ఎక్కింది.

ఇన్‌స్పెక్టరు పెన్నుతో సంతకం పెట్టాడు. "ఈసారి ఎవరో బాగా నేర్పినట్టున్నారే" అన్నాడు.

"నడుం పట్టేసిన మెకానిక్కండీ" అంది నిదానం.

ఆదివారం వచ్చింది. మామగారూ మరిదీ ఇంట్లోనే ఉంటామన్నారు, పైగా గేటు తీసి పచ్చజెండాకి బదులు తువ్వాలు ఊపారు. భర్త మాత్రం వస్తానని పేచీ పెట్టాడు. "పక్క సీట్లో కూర్చుంటాను, కిమ్మంటే ఒట్టు" అన్నాడు. దారి పొడుగునా కాళ్ళతో లేని బ్రేకులు తొక్కాడు, లేని గేర్లు మార్చాడు, కానీ నోరు మాత్రం విప్పలేదు. నది వంతెన మీద ఆమె కారు మెల్లగా పోనిచ్చి, తన పక్క అద్దం దించింది. ఇన్నాళ్ళూ వెనక సీట్లో కూర్చుని, ఆ కారు పరుగులో ఆ నదిని ఒక్కసారీ సరిగ్గా చూడలేదు.

అక్క గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. చెల్లెలు డ్రైవరు వైపునుంచి దిగడం చూసి చప్పట్లు కొట్టింది. కాఫీలయ్యాయి. ఎప్పటిలాగే భర్త గ్లాసు అందరికంటే ముందు ఖాళీ అయింది. ఎప్పటిలాగే మోకాళ్ళ మీద చేతులు చరుచుకుని లేచాడు.

"ఇక బయల్దేరదామా?"

అక్క మొహం చిన్నబోయింది. "అప్పుడేనా!" అంది, అలవాటైన గొంతుతో.

నిదానం గ్లాసులో కాఫీ ఇంకా సగం ఉంది. ఒక గుక్క తాగి, మిగతాది చేతిలోనే పట్టుకుంది. "తాళం నా దగ్గరుందండీ" అంది.

ఆయన నిలబడినవాడు నిలబడినట్టే ఉండిపోయాడు. భార్యని చూశాడు, ఆమె ఒళ్ళో ఉన్న తాళంచెవిని చూశాడు. చూసి, మెల్లగా కూర్చున్నాడు.

"చెప్పక్కా. అమ్మ ఏమంది?"

అక్క చెల్లెలి భర్త వైపు చూసి జంకింది. "ఆయన ఉండగానా?"

"ఉండనీ."

"మరేం లేదే. ఆ రోజు మంచం పక్కన కూర్చుని, 'అమ్మా, చిన్నదాన్ని ఆ పరుగుల మనుషుల ఇంటికి పంపావు, నలిగిపోదూ?' అని అడిగాను. అమ్మ నవ్వింది. అంత నీరసంలోనూ ఎంత నవ్విందో! 'దాని గురించి నాకు బెంగలేదే. అది వాళ్ళ వెంట పరిగెత్తదు. ఎప్పుడో ఒకరోజు వాళ్ళే వచ్చి దాని పక్కన కూర్చుంటారు. అల్లుడే ముందు కూర్చుంటాడు చూడు. నేనెలాగూ ఉండను, నువ్వు చూసి నా వంతు కూడా నవ్వు' అంది."

అక్క నవ్వబోయి ఏడ్చేసింది. నిదానం ఏడవబోయి నవ్వేసింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని కాసేపు ఆ రెండూ కలిపే చేశారు.

ఆయన తలవంచుకుని ఖాళీ గ్లాసు తిప్పుతూ ఉండిపోయాడు. తరవాత ఆ గ్లాసు కిందపెట్టి, కుర్చీని వాళ్ళిద్దరి దగ్గరికి జరుపుకున్నాడు.

"తరవాతేమన్నారు వదినా?" అని అడిగాడు.